స్వెన్‌బోర్ అలవాటుతో నేపర్‌విల్‌లో

అక్టోబరు నెల రెండో సోమవారం పొద్దున ఆరూ పదికి డెన్మార్కులోని స్వెన్‌బోర్ స్టేషన్లో రైలెక్కాను. పెట్టె ఒకటి, చేతిసంచి ఒకటి. పెట్టెలో పచ్చళ్ళు పెట్టలేదు. అమెరికాలో దిగేటప్పుడు ప్రతి సీసాకీ సమాధానం చెప్పుకోవడం కంటే అక్కడ మామిడికాయ దొరికినప్పుడు పెట్టుకోవడం సుఖం. పచ్చళ్ళ బదులు మా పెద్దమ్మాయి కొడుక్కి బిగుతైపోయిన ఉన్ని బట్టలు సర్దాను. చిన్నమ్మాయి కూతురికి సరిపోతాయి. కొత్తవి కొనక్కర్లేదు.

నాకు ఇద్దరాడపిల్లలు. పెద్దది పద్మజ, స్వెన్‌బోర్‌లో ఉంటుంది. చిన్నది శిరీష, అమెరికాలో షికాగో పక్కన నేపర్‌విల్‌లో. మా ఆయన బస్సు కండక్టరు. పోయి తొమ్మిదేళ్ళయింది. ఎక్కడ ఎన్నింటికి బయలుదేరాం, ఎన్నింటికి చేరాం అనేది ఇంట్లో కూడా చెబుతూనే ఉండేవాడు. ఆ అలవాటు నాకూ పట్టింది. అందుకని ఇందులో టైములు ఉంటాయి. మీలో ఎవరైనా ఇదే దారిన వెళ్ళాల్సొస్తే పనికొస్తాయి.

ముందు స్వెన్‌బోర్ సంగతి చెప్పాలి. అది చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు.

చిన్న ఊరు. సముద్రం ఒడ్డు. పడవలు, సైకిళ్ళు, గాలి. మా తెనాలిలో సగం కూడా ఉండదు. పెద్దల్లుడికి అక్కడ గాలిమరల కంపెనీలో ఉద్యోగం. పద్మజ మాత్రం తన పాత అమెరికా కంపెనీ పనే ఇంట్లో కూర్చుని చేస్తుంది. కూర్చునేది డెన్మార్కులో, గడియారం అమెరికాది. మధ్యాహ్నం మూడింటికి తలుపేసుకుందంటే రాత్రి పదకొండింటికి లేస్తుంది. వంటింట్లో చెంచా కింద పడినా గోడ అవతలనుంచి నా ఫోనుకి "అమ్మా, మీటింగ్" అని మెసేజి వస్తుంది. అల్లుడు ఆరింటికి వచ్చి, తిని, ఆ దేశం భాష నేర్పే క్లాసుకి వెళ్ళిపోతాడు. మూడు నెలల వీసా మీద వెళ్ళాను. ఆ మూడు నెలల్లో నేను గొంతెత్తి మాట్లాడింది మనవడు నీల్‌తోనే. వాడికి అప్పటికి తొమ్మిది నెలలు. వాడు తిరిగి జవాబు చెప్పడు గానీ మొహం చూస్తాడు. అదీ చాలనిపించేది.

ఊళ్ళో మనుషులు చెడ్డవాళ్ళు కారు. ఎదురుపడితే నవ్వుతారు. బస్సులో మాత్రం నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వస్తారు. మొదట్లో నా చీర చూసి అనుకున్నాను. తర్వాత గమనిస్తే వాళ్ళలో వాళ్ళూ అంతే.

వెళ్ళిన మొదటి వారం బజారుకి నడిచి వెళ్ళాను. రొట్టెల కొట్టు బయట గోడవారగా పిల్లల బండి ఒకటి ఉంది. పెద్ద చక్రాలు, పైన నల్లటి టాపు. లోపల పసిపిల్ల నిద్రపోతోంది. చుట్టూ మనిషి లేడు. ఎవరో మహాతల్లి మర్చిపోయి వెళ్ళిందనుకున్నాను. ఎవరినైనా పిలుద్దామంటే భాష రాదు. బండి పిడి పట్టుకుని నలభై నిమిషాలు కాపలా కాశాను. పదిన్నరకి ఒకమ్మాయి కొట్లోంచి మూతి తుడుచుకుంటూ వచ్చింది. బండి మీద ఉన్న నా చెయ్యి చూసింది. ఏదో అడిగింది. నేను తెలుగులోనే దులిపేశాను. "పసిదాన్ని రోడ్డు మీద పారేసి లోపల మెక్కుతున్నావా, బుద్ధి ఉందా లేదా నీకు?" అన్నాను. ఆ అమ్మాయి "థాంక్యూ" అని నవ్వి బండి తోసుకుంటూ వెళ్ళిపోయింది.

పద్మజకి చెబితే పడీ పడీ నవ్వింది. "అమ్మా, ఇక్కడ పిల్లలందరూ పగలు బయటే పడుకుంటారు. చల్లగాలికి నిద్ర బాగా పడుతుందని. క్రెష్‌లో కూడా అంతే. నువ్వే అక్కడ పిల్లల్ని ఎత్తుకుపోయేదానిలా నిలబడి ఉంటావు."

పద్ధతి నాకు నేర్పింది పక్కింటి ముసలావిడ కిర్‌స్టెన్. నాకంటే పదేళ్ళు పెద్దది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు, అంతా చేతులతోనే. ఒంటికి ఉన్ని, పైన దుప్పటి, టాపుకి వల, చక్రాలకి బ్రేకు. ఎండ మొహాన పడకూడదు, గాలి ఎదురు కొట్టకూడదు. మెడ వెనక రెండు వేళ్ళు పెట్టి చూడాలి. వెచ్చగా ఉంటే సరే. చెమట పడితే దుప్పటి తియ్యాలి. చల్లగా ఉంటే లోపలికి తెచ్చెయ్యాలి. ఇంట్లో ముప్పావుగంట కూడా పడుకోని నీల్, పెరట్లో రెండున్నర గంటలు పడుకునేవాడు. నేను కిటికీ దగ్గర కూర్చుని చిక్కుళ్ళు ఈనెలు తీసుకుంటూ చూసేదాన్ని. అవతల కిటికీలో కిర్‌స్టెన్ కూర్చునేది. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని తలూపేవాళ్ళం. మూడు నెలల్లో నాకున్న స్నేహం అదొక్కటే.

నీల్‌కి ఏడాది నిండబోతోంది, క్రెష్‌లో వేశారు. నా వీసా అయిపోవచ్చింది. అదే సమయానికి శిరీషకి కాన్పు సెలవు అయిపోయింది. ఆ ఇంట్లో పని పూర్తయితే ఈ ఇంట్లో మొదలన్నమాట.

ఆరూ పది బండి ఆరూ యాభై అయిదుకి ఓడెన్స చేరింది. అక్కడ మారాలి. ఏ పెట్టెలో ఎక్కుతున్నారో చూసుకోండి. నేను ఎక్కింది మాట్లాడకూడని పెట్టె. అలాంటివి ఉంటాయని నాకు తెలీదు. శిరీష ఫోన్ చేసి "బయలుదేరావా?" అంటే "ఆ, బయలుదేరా" అన్నాను. అంతే, ముందు సీటాయన వెనక్కి తిరిగి గోడ మీది బొమ్మ చూపించాడు. పెదాల మీద వేలు. ఫోన్ కట్టేశాను. మూడు నెలలుగా నేను ప్రయాణం చేస్తున్నది ఆ పెట్టెలోనే అనిపించింది.

సముద్రం మీద వంతెన దాటి తొమ్మిదీ అయిదుకి విమానాశ్రయం చేరాం. తెచ్చుకున్న పెరుగన్నం చెకింగ్ ముందే తినెయ్యండి, లోపలికి పోనివ్వరు. మంచినీళ్ళ సీసా కొనకండి, కుళాయి నీళ్ళు బాగుంటాయి. పన్నెండుంబావుకి విమానం లేచింది. పక్క సీట్లో ఒక డెన్మార్కు పెద్దాయన. నాకు బెల్టు పెట్టుకోవడం రాకపోతే పెట్టాడు. "హాలిడే?" అన్నాడు. "బేబీ" అన్నాను. ఆయన సంతోషించి ఫోన్లో తన కుక్క ఫోటో చూపించాడు. తొమ్మిదింబావు గంటల్లో మా మాటలు అవే.

షికాగోలో దిగేసరికి అక్కడి టైము మధ్యాహ్నం రెండున్నర. లైనులో గంటా ఇరవై నిమిషాలు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చక్రాల కుర్చీ ముందే చెప్పించుకోండి. నేను చెప్పించుకోలేదు, కాళ్ళున్నాయి కదా అని. చిన్నల్లుడు కిరణ్ కారు తెచ్చాడు.

"ప్రయాణం ఎలా జరిగింది అత్తయ్యా?"

"కూర్చున్నాను, దిగాను బాబూ."

నేపర్‌విల్‌లో ఇళ్ళు పెద్దవి, రోడ్లు పెద్దవి. రోడ్డు మీద మనిషి ఉండడు. కొత్తిమీర కావాలన్నా కారే. స్వెన్‌బోర్‌లో మనుషులు కనపడేవాళ్ళు, మాట్లాడేవాళ్ళు కాదు. ఇక్కడివాళ్ళు మాట్లాడతారేమో నాకు తెలీదు, కనపడితే కదా. కుక్కల్ని తిప్పేవాళ్ళు, ఉత్తరాల బండి, ఆకులు ఊదే మిషన్లవాళ్ళు, అంతే.

శిరీష కూతురు అన్వికి అయిదో నెల. మంగళ, బుధ, గురువారాలు శిరీష ఏడుంబావు రైలుకి షికాగో ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఆరూ ఇరవైకి వస్తుంది. సోమ, శుక్రవారాలు మేడ మీద గదిలో పని. కిరణ్ రోజూ ఏడున్నరకి కారులో పోతాడు. ఆ మూడు రోజులూ ఇంట్లో నేనూ అన్వీ.

పిల్లకి నిద్ర లేదు. ఇరవై నిమిషాలకోసారి ఉలిక్కిపడి లేచి ఏడుపు. ఇల్లంతా హీటరు వేడి. శిరీష కళ్ళ కింద నలుపు చూస్తే, ఇది నా కడుపున పుట్టిందేనా అనిపించింది. రెండో మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకి నీల్ ఉన్ని బట్టలు అన్వికి వేసి, బండిలో పడుకోబెట్టి, వల కట్టి, వెనకవైపు చెక్క అరుగు మీద పెట్టాను. కిటికీ దగ్గర కూర్చున్నాను. రెండూ ముప్పావు దాకా కదల్లేదు పిల్ల.

సాయంత్రం అన్వి నవ్వుతూ ఉంటే శిరీష నా భుజం మీద వాలిపోయింది. "అమ్మా, ఏం మాయ చేశావే! నా దగ్గర ఇలా పడుకోదు."

అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. మర్నాడు ఆఫీసునుంచి మెసేజి పెట్టింది, "గదిలో కెమెరాలో పాప కనపడట్లేదు" అని. "కింద నా దగ్గర పడుకుంది" అని పెట్టాను. అబద్ధం. నా పిల్లలు అబద్ధం చెబితే వాతలు పెట్టినదాన్ని. కానీ ఆ మాయ అన్న మాట వినడానికి బాగుంది. చాలా రోజులైంది నన్నెవరైనా మెచ్చుకుని.

అలా వారానికి మూడు రోజులు, మూడు వారాలు.

నవంబరు మొదట్లో ఒక గురువారం. వెనకవైపు ఆకులు ఊదేవాళ్ళు వచ్చారు, చెవులు పగిలే చప్పుడు. అందుకని బండి ముందువైపు, గరాజు పక్కన నీడలో పెట్టాను. టైము ఒంటిగంటా పది. ఒంటిగంటా ముప్పై అయిదుకి ఇంటి కింద గదిలో బట్టలుతికే మిషను ఆగింది. ఆరబెట్టే మిషనుకి కరెంటు దండగని నేను అక్కడే తాడు కట్టుకున్నాను. పిల్ల మెడ వెనక చూసి, వెచ్చగా ఉందని, కిందకి దిగాను. తాడు మీద వేసుకుంటూ పదకొండు నిమిషాలు పట్టింది. నాలుగు నిమిషాలే అనుకున్నాను.

పైకొచ్చేసరికి బండి దగ్గర ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి. పక్కన కుక్క, ఒక చేత్తో ఫోను చెవి దగ్గర. కుక్క తాడు మోచేతికి తగిలించుకుని రెండో చేత్తో బండి పిడి పట్టుకుంది. నేను తలుపు తీసి పరిగెత్తాను.

"యువర్ బేబీ?" అంది.

"మై బేబీ. మై డాటర్ బేబీ. ఇవ్వు." అన్నాను.

ఆవిడ ఇవ్వలేదు. గబగబా ఏదో అంది. "కోల్డ్" అన్న మాట తెలిసింది, "అలోన్" అన్న మాట తెలిసింది. నేను పిడి పట్టుకున్నాను, ఆవిడా వదల్లేదు. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని నిలబడ్డాం. మధ్యలో అన్వి హాయిగా నిద్రపోతోంది.

ఒంటిగంటా యాభై ఎనిమిదికి పోలీసు కారు వచ్చింది. దిగింది ఆడమనిషే. చిన్నది, శిరీష వయసు. నేను కిరణ్‌కి ఫోన్ చేసి "పోలీసులొచ్చారు, మీరు రావాలి" అన్నాను. "అన్వి?" అన్నాడు. "బాగుంది" అన్నాను. "వస్తున్నా" అన్నాడు.

అతను వచ్చేదాకా పోలీసమ్మాయి నాతో నెమ్మదిగా మాట్లాడింది. నాకు ముక్కలు తెలుస్తున్నాయి, జవాబు చెప్పడం రాదు. చివరికి పోలీసమ్మాయి చెయ్యి పట్టుకుని, రెండు వేళ్ళు తీసి, అన్వి మెడ వెనక పెట్టించాను. "వార్మ్," అంది ఆ అమ్మాయి. "వార్మ్, వార్మ్," అన్నాను. తలూపింది. కానీ పుస్తకంలో రాసుకోవడం మాత్రం ఆపలేదు.

కిరణ్ రెండూ ఇరవైకి వచ్చాడు. గడ్డిలో నిలబడి పావుగంట ఇంగ్లీషులో మాట్లాడాడు. మనిషి మొహం పాలిపోయింది. వాళ్ళ గ్రీన్‌కార్డు కాగితాలు నడుస్తున్నాయి, పోలీసు అన్న మాట ఇంటి మీద పడకూడదు. అది నాకు తర్వాత తెలిసింది. పిల్లల బాగోగులు చూసే ప్రభుత్వ ఆఫీసుకి రిపోర్టు వెళుతుందని, వాళ్ళు వచ్చి ఇల్లు చూస్తారని చెప్పి పోలీసమ్మాయి వెళ్ళింది. కుక్కావిడ అప్పటిదాకా రోడ్డు అవతల నిలబడే ఉంది.

"లోపలికి పదండి అత్తయ్యా," అన్నాడు కిరణ్. అంతకుమించి ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

శిరీష దొరికిన రైలెక్కి నాలుగూ అయిదుకి ఇంటికొచ్చింది. బూట్లు విప్పకుండానే అన్విని ఎత్తుకుని, కాళ్ళూ చేతులూ తడిమి చూసుకుని, అప్పుడు నావైపు తిరిగింది.

"ఎన్ని రోజుల్నుంచి?"

"మూడు వారాలు. నువ్వు ఆఫీసుకెళ్ళిన రోజుల్లో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే వద్దంటావని."

అన్విని ఇంకో భుజానికి మార్చుకుంది. "అంటే, నేను వద్దంటానని తెలిసే చేశావు."

డెన్మార్కులో అందరూ ఇలాగే చేస్తారని చెబుదామని నోరు తెరిచాను. ఆ మాటకి ఇది జవాబు కాదని నాకే తెలిసి మూసుకున్నాను.

తర్వాతి మంగళవారం పదింటికి ఆ ఆఫీసునుంచి ఒకావిడ వచ్చింది. శిరీష సెలవు పెట్టింది. ఆవిడ పిల్ల పడుకునే చోటు చూసింది, పాలసీసాలు చూసింది, ఫ్రిజ్ తెరిచి చూసింది. నాతో విడిగా మాట్లాడాలంది. బల్ల మీద ఫోను పెట్టి ఎవరికో చేసింది. అందులోంచి తెలుగు గొంతు వచ్చింది, ఆడపిల్ల గొంతు.

"నమస్తే అమ్మా. ఆమె అడిగేది నేను తెలుగుల చెప్త. మీరు చెప్పేది ఇంగ్లీషుల చెప్త. పాపను బయట ఎందుకు పండవెట్టిన్రు అని అడుగుతున్నరు."

నా పెద్దకూతురి ఊరు, కిర్‌స్టెన్, మెడ వెనక రెండు వేళ్ళు, అన్నీ చెప్పాను. ఆ పిల్ల ఒక్క మాట వదలకుండా చెబుతోంది. అల్లుడు, కూతురు కాకుండా ఒక తెలుగు మనిషి నేను చెప్పేది మొదట్నుంచి చివరిదాకా విని ఎన్నాళ్ళయిందో. మధ్యలో ఉండబట్టలేక, "మీదే ఊరమ్మా?" అన్నాను.

"అవి నేను చెప్పొద్దమ్మా. రూల్."

"పోనీ, అన్నం తిన్నావా?"

ఆవిడకి అది కూడా ఇంగ్లీషులో చెప్పేసింది ఆ పిల్ల. ఆవిడ నవ్వి ఏదో రాసుకుంది. తోడు లేకుండా పిల్లని బయట ఒదిలిపెట్టనని మాట ఇమ్మంది. ఇచ్చాను. ఫోన్ పెట్టేసే ముందు తెలుగు గొంతు మెల్లిగా, "పైలం అమ్మా," అంది, జాగ్రత్త అని. అది మాత్రం ఎవరికీ ఇంగ్లీషులో చెప్పలేదు.

రెండు వారాలకి కేసేమీ లేదని ఉత్తరం వచ్చింది. కిరణ్ అది మూడుసార్లు చదివి ఫైల్లో పెట్టాడు. ఈలోపే అన్వికి డేకేర్‌లో చోటు దొరికింది. జనవరి మధ్యకని ముందే తీసిన నా తిరుగు టికెట్టుని డిసెంబరుకి మార్చారు. మార్చినందుకు అదనంగా కట్టారు. "అంత కట్టడం ఎందుకే, ఉంటాను కదా" అన్నాను. "ఒక్కదానివే ఇంట్లో ఉండి ఏం చేస్తావమ్మా, చలి" అంది శిరీష. ఆ మాట ప్రేమగానే అంది.

కుక్కావిడ మీద నాకు మొదట కోపం వచ్చింది. ఆవిడ మళ్ళీ మళ్ళీ అదే టైముకి మా ఇంటి ముందునుంచి వెళ్ళేది, వెళుతూ కిటికీ వైపు చూసేది. ఒకరోజు చూస్తూ చూస్తూ తట్టింది: రొట్టెల కొట్టు దగ్గర నేను చేసిందీ ఇదే. ఫోన్ చెయ్యడానికి నాకు భాష లేదు, ఆవిడకుంది. అంతే తేడా. ఆ తర్వాత ఆవిడ చూస్తే నేను తలూపేదాన్ని. ఆవిడ ఊపలేదు.

డేకేర్ గురించి నాకు బాధ లేదు. శిరీష ఏమనేదో కాదు, ఏం చేసేదో, అది నాకు గుచ్చుకునేది. స్నానానికి వెళితే అన్వి ఊగే కుర్చీని స్నానాలగదిలోకి తీసుకెళ్ళేది. చెత్తడబ్బా రోడ్డు చివర పెట్టడానికి వెళితే పిల్లని చంకనేసుకుని వెళ్ళేది. "ఇలా ఇవ్వు" అని చేతులు చాస్తే, "పర్లేదమ్మా, అలవాటే" అనేది. నేను వెళ్ళిపోయేలోపు ఒక్కసారి, ఒక్క పావుగంట, ఆ పిల్లని నా ఒక్కదాని చేతిలో పెట్టి గడప దాటుతుందా లేదా? రోజూ పొద్దున లేచింది మొదలు నాకదే చింత. అడగలేదు. అడిగి తీసుకునేది కాదు అది.

శిరీష ఆఫీసు రోజుల్లో పొద్దున ఏడున్నరనుంచి ఆరింటిదాకా ఇంట్లో నేనొక్కదాన్ని. గోడలు తుడిచాను. గిన్నెలకి అడుగులు తోమాను. రెండ్రోజులు మాట్లాడకపోతే గొంతు బొంగురుపోతుందని అప్పుడే తెలిసింది.

డిసెంబరు రెండో శనివారం బయలుదేరాను. కిరణ్ ఆఫీసు పనిమీద ఊళ్ళో లేడు. శిరీషే డ్రైవ్ చేసింది. వెనక సీట్లో అన్వి, ముందు శిరీష పక్కన నేను. పదీ అయిదుకి ఇల్లు దాటాం, పది యాభై అయిదుకి విమానాశ్రయం. సన్నగా మంచు పడుతోంది. దించే చోట కారు ఆపి ఉంచకూడదు, పసుపు చొక్కా ఆయన విజిలేస్తూ తరుముతున్నాడు. వచ్చేటప్పుడు ఒకటైన పెట్టె ఇప్పుడు రెండు, రెండూ శిరీషే దించింది. పిల్లల బండి తేలేదు.

"లోపలికొచ్చి బోర్డింగ్ పాస్ ఇప్పిస్తానమ్మా. కార్ పార్క్ చేసి రావాలి."

"వెళ్ళిరా. నేను పెట్టెల దగ్గరుంటా."

డ్రైవర్ తలుపు దాకా వెళ్ళి ఆగింది. వెనక అన్విని చూసింది. మంచు చూసింది. పార్కింగ్ నుంచి నడిచి రావాలి, పిల్లనెత్తుకుని. విజిలాయన మళ్ళీ ఊదాడు. వెనక తలుపు తీసి, బెల్టు విప్పి, అన్విని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"లోపల, ఆ తలుపు పక్కన నిలబడు. కదలకు."

టైము పదకొండూ రెండు.

తలుపు పక్కన నిలబడ్డాను. అన్వి నా కళ్ళజోడు లాగింది, మళ్ళీ పెట్టుకున్నాను. చక్రాల కుర్చీ తోసే అతను వచ్చి కూర్చోమన్నాడు, వద్దన్నాను. పిల్ల కాలు విదిలించి ఒక మేజోడు కింద పడేసింది. గజం దూరంలో పడింది. రెండడుగులేస్తే అందుతుంది. నేను కదల్లేదు. ఆ చిన్నపాదాన్ని కొంగులో చుట్టి పట్టుకున్నాను. మేజోడు మీదనుంచి పెట్టెల చక్రాలు వెళ్ళిపోతున్నాయి.

పదకొండూ పంతొమ్మిదికి శిరీష పరిగెత్తుకుంటూ వచ్చింది, జుట్టు నిండా మంచు. ముందు పిల్లని చూసింది, తర్వాత నన్ను, తర్వాత నేల మీద మేజోడుని.

"సాక్స్ పడిపోయింది కదమ్మా, చూసుకోలేదా?"

"చూశాను. కదలొద్దన్నావు."

వంగి తీసిన మనిషి వెంటనే లేవలేదు. లేచాక చూస్తే నవ్వుతోంది, కళ్ళు మాత్రం తుడుచుకుంటోంది. "నీతో చచ్చేచావే," అంది. పిల్లని తీసుకోవడానికి చేతులు చాపలేదు. నా చేతుల్లోనే ఉంచి మేజోడు తొడిగింది. పెట్టెలు తను తోసుకుంటూ ముందు నడిచింది. కౌంటరు దాకా అన్వి నా భుజం మీదే ఉంది.

లోపలికి వెళ్ళే తాడు దగ్గర అడిగింది. "జూలైలో డేకేర్ రెండు వారాలు మూస్తారమ్మా. రాగలవా?"

"ముందు నువ్వు వద్దనేవన్నీ వద్దని చెప్పు. నేను చేసేవన్నీ నీకు చెబుతాను. ఆ తర్వాత టికెట్టు సంగతి."

"చెబుతావా?"

"చెబుతాను."

ఢిల్లీ విమానం ఒంటిగంటా ఇరవైకి. అక్కడ మారి హైదరాబాదు. ఇలా పిల్లల ఇళ్ళకి తిరిగే నాలాంటివాళ్ళకి ఒకటే చెప్పదలిచాను. ఏ ఊరి పద్ధతి ఆ ఊరికి మంచిదే. ఆ ఊళ్ళోంచి ఈ ఊళ్ళోకి మోసుకొచ్చేటప్పుడు మాత్రం, మోసుకొచ్చామని ఇంట్లోవాళ్ళకి చెప్పండి. వాళ్ళు వద్దంటే మానండి. పరాయి దేశంలో ఒంటరితనం ఎలాగూ ఉంటుంది. దానికి తోడు ఒక అబద్ధాన్ని దాచుకుని కూర్చుంటే మరీ బరువు.

పక్క సీట్లో కాకినాడావిడ. ఆవిడా కూతురి దగ్గర్నుంచే వస్తోంది. సంచిలోంచి జంతికలు తీసి ఇచ్చింది.

"ఎన్నాళ్ళున్నారండి?"

"రెండు నెలలు."

"మనవరాలితో కాలక్షేపం బాగా అయ్యిందాండి?"

"ఆఖర్న ఒక పదిహేడు నిమిషాలు బాగా అయింది," అన్నాను.

ఆవిడ నా మొహం వంక చూసి ఇంకో జంతిక చేతిలో పెట్టింది. భోజనం బండి వెనకనుంచి వస్తోంది. మాంసం తిననివాళ్ళు టికెట్టు తీసుకునేటప్పుడే చెప్పించుకోండి. నా సీటు దగ్గరికి వచ్చేసరికి అన్నం అయిపోయి రొట్టె మిగిలింది, అదే తిన్నాను.